రెండు సెకన్ల చప్పుడు

మొన్న అల్వాల్‌లో ఒక పెళ్లికి వెళ్లి తిరిగి వస్తుంటే నేనెక్కిన క్యాబ్ సగం దారిలో ఆగిపోయింది. డ్రైవరు నలభై ఏళ్ల మనిషి. తాళం తిప్పుతాడు, ఇంజిను గిర్రుమంటుంది, అంటుకోదు. మళ్లీ తిప్పుతాడు. ఐదోసారికి నాలోని టీచరు లేచి కూర్చుంది.

"స్టార్ట్ చెయ్యకు బాబూ. తాళం ఒక్క మెట్టు తిప్పి ఆగు," అని చెప్పి, వెనక సీటు మీదకి వంగి చెవి ఆనించాను.

అరవై దాటినదాన్ని, పైగా పట్టుచీరలో ఉన్నాను. అతను అద్దంలో చూసి హడలిపోయాడు.

"మేడమ్, తబియత్ మంచిగున్నదా?"

"నా తబియత్‌కేం? నీ పంపుకే బాగాలేదు. చప్పుడు రావట్లేదు. ఈ కారుని చివరిసారి ఎవరు ముట్టుకున్నారు?"

"ఎవలు ముట్టలే మేడమ్."

నాకు నవ్వొచ్చింది. ఈ ప్రశ్నకి ఈ జవాబు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒక్కసారి కూడా అది నిజం కాలేదు. "మళ్లీ ఆలోచించు," అన్నాను. బుర్ర గోక్కున్నాడు. "నిన్న చార్జర్ పాయింట్ పెట్టించిన. గంతే."

గంతే! ఆ పాయింట్ పెట్టిన మహానుభావుడు పెట్రోలు పంపు ఫ్యూజు దగ్గర్నుంచే కరెంటు లాగాడు. ఫ్యూజు ఎగిరిపోయింది. చార్జర్ పీకించి, డబ్బాలో ఉన్న స్పేర్ ఫ్యూజు పెట్టించాను. ఈసారి తాళం ఒక మెట్టు తిప్పగానే నా సీటు కింద జుయ్‌మని రెండు సెకన్లు మోగి ఆగింది. బండి కదిలింది.

"గిదంత ఎవరు నేర్పిన్రు మేడమ్ మీకు?"

చెప్పడం మొదలుపెట్టాను గానీ, ఇంకా నేర్పినాయన మీసాల దగ్గరే ఉండగా మా ఇల్లున్న పద్మారావు నగర్ వచ్చేసింది. అతనికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. అసలు పేరు ఒకటి రెండుసార్లు చెవిన పడింది కానీ, ఆ పేరుతో తలచుకుంటే ఎవరో వేరే మనిషి గుర్తొస్తాడు. కార్ల కరెంటు పని చేసేవాడు. రాణిగంజ్ వెనక సందులో, సీట్లకి కవర్లు కుట్టే కుషన్ షాపుకీ రేడియేటర్లు అతికే కొట్టుకీ మధ్య ఒక షట్టరంత జాగా ఆయనది. బోర్డు లేదు. బోర్డు బదులు పైన ఒక పాత లారీ హారన్ వేలాడుతూ ఉండేది. రాష్ట్రం ఇంకా ఒకటిగానే ఉన్న రోజులు. ఇప్పుడు ఆ షట్టరులో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఆయన పోయి కూడా కొన్నేళ్లయింది.

మీసాలు అంత పొడుగ్గా ఎందుకు పెంచాడో నాకు చివరిదాకా తెలియలేదు. స్క్రూడ్రైవరు చొక్కా కాలరుకి వెనక దోపుకునేవాడు. ఆ సంగతి మర్చిపోయి సందంతా వెతికేవాడు. మెడలో ఎప్పుడూ రెండు తీగలతో ఒక హెడ్‌లైట్ బల్బు వేలాడుతూ ఉండేది. గొంతు మాత్రం బ్రహ్మాండం. మామూలుగా "కూసోన్రి" అన్నా ఎదురు కొట్టువాడు లేచి నిలబడేవాడు. ఎవరైనా పక్కన నిలబడి మాట్లాడితే భుజాలు పట్టుకుని తనవైపు తిప్పేసేవాడు. "ఎదురుంగ నిలవడి చెప్పున్రి" అనేవాడు. మిలటరీ పెద్దమనుషుల్ని కూడా అలాగే తిప్పేవాడు. పొగరని కొందరూ, శ్రద్ధ అని కొందరూ అనుకునేవారు. నేను మొదటి జట్టులో ఉండేదాన్ని.

ఏ కారు వచ్చినా ముందు బానెట్ ఎత్తేవాడు కాదు. టీ తెప్పించేవాడు. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ, కారుగలాయన్నీ తాగమని, ఒక్కొక్కటే అడిగేవాడు. సల్లగున్నప్పుడు ఆగుతదా, ఏడెక్కినంక ఆగుతదా? లైట్లేస్తె ఆగుతదా? ట్యాంకు నిండుగున్నప్పుడా, ఖాళీగున్నప్పుడా? సాసర్ అడుగంటేసరికి అసలు ప్రశ్న: "చివరికి ఎవరు ముట్టుకున్నరు?"

ఎవరూ ముట్టుకోలేదనే చెప్పేవారు అందరూ. ఒక బ్యాంకు ఆఫీసరు రెండో సాసర్ దాకా బుకాయించి, మూడోదానికి బావమరిది చేత పాటల డబ్బా పెట్టించానని ఒప్పుకున్నాడు. ఇంకొకాయన ఒట్టు వేసి మరీ లేదంటుంటే, పక్కనున్న భార్య "మీరే కదండీ ఆదివారం ఏదో విప్పారు" అంది. ఉస్తాద్ ఎవర్నీ తిట్టేవాడు కాదు. "మనిషి ముట్టకుంట కార్ ఖరాబ్ కాదమ్మా, కారుకేం తెల్వదు పాపం," అనేవాడు.

ఇక పెట్రోలు పంపు సంగతి. కొత్తరకం కార్లలో ఆ పంపు కరెంటుతో నడుస్తుంది. వెనక సీటు కిందున్న ట్యాంకులో మునిగి కూర్చుంటుంది. తాళం ఒక మెట్టు తిప్పగానే ఇంజిను కంటే ముందే నిద్రలేచి, రెండు సెకన్లు పెట్రోలు నెట్టి ఊరుకుంటుంది. ఆ రెండు సెకన్ల చప్పుడులోనే దాని జాతకమంతా ఉందని ఉస్తాద్ నమ్మకం. అయితే ఆ చప్పుడు తను వినేవాడు కాదు. కారుగలవాళ్ల చేత వినిపించేవాడు. పెద్దవాళ్లనీ చిన్నవాళ్లనీ వెనక సీటు మీద చెవి పెట్టించి, తను ముందు తాళం తిప్పి, "ఎట్లున్నది? సన్నగనా, మొద్దుగనా? సాఫ్‌గున్నదా, జారుతున్నదా?" అని అడిగేవాడు. తర్వాత వెనక్కొచ్చి, మళ్లీ తాళం తిప్పించి, సీటు మీద అరచెయ్యి పరిచి కళ్లు మూసుకునేవాడు.

నా కారు నాకు ఆయన్ని పరిచయం చేసింది. సెకండ్ హ్యాండ్ కారే కానీ నా జీవితంలో మొదటిది. మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి స్కూల్లో టీచరుగా వచ్చి స్థిరపడ్డారు. నేనూ టీచర్నే అయ్యాను. అల్వాల్‌లో ఒక స్కూల్లో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఇంట్లో అమ్మా నేనూ. అమ్మ మోకాళ్లు పట్టేసి రెండేళ్లుగా చర్చికి వెళ్లలేదు. బస్సు ఎక్కలేదు, ఆటోలో కుదుపులకి ఏడ్చేది. కారు వచ్చాక ఒక్క ఆదివారం మానలేదు. శనివారం సాయంత్రమే చీర తీసి మంచం మీద పరుచుకునేది. ఆ కారు నాకు ఎందుకు కావాలంటే, అందుకు.

మా అన్నయ్య యాప్రాల్‌లో ఉండేవాడు. మంచివాడు. మంచివాళ్లలో ఒకరకం ఉంటారు, మన మేలు మనకంటే వాళ్లకే బాగా తెలుసు. కారు నేను కొన్నప్పుడు, "ఆడవాళ్లు కారు నడపొచ్చు కానీ చూసుకోలేరే" అన్నాడు. అన్నవాడే మళ్లీ ప్రేమకొద్దీ, వర్షాలకి తుప్పు పట్టకూడదని, తన ఖర్చుతో కారు కింద నల్లటి అండర్ కోటింగ్ కొట్టించి తెచ్చాడు.

ఆ తర్వాత నెలా రెండు నెలలకి కారు ఆగడం మొదలైంది. అరగంట హాయిగా నడుస్తుంది. తర్వాత దగ్గుతుంది, ఆగుతుంది. పది నిమిషాలు చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ ఆగదు. రెండుసార్లు బజార్లో ఆగింది. మూడోసారి చర్చి గేటు ముందు, అమ్మ కార్లో ఉండగా ఆగింది. అన్నయ్య నచ్చచెప్పాడు, అమ్మెయ్యమన్నాడు. నాకు రోషం వచ్చింది. "ఇంకొక్కసారి ఆగితే నేనే అమ్మేస్తాను, సరేనా?" అని అమ్మ ముందే మాటిచ్చేశాను. నోరు జారాక నాలుక కరుచుకున్నాను.

ఉస్తాద్ దగ్గరికి మొదటిసారి అప్పుడే వెళ్లాను. పొద్దున్నే, స్కూలుకి టైమవుతుంటే. టీ వద్దన్నాను. ఎవరూ ముట్టుకోలేదన్నాను. అండర్ కోటింగ్ నాకు గుర్తే రాలేదు, గుర్తొచ్చినా అది ముట్టుకోవడం కిందికి వస్తుందని తోచేది కాదు. భుజాలు పట్టుకుని తిప్పినప్పుడు ఒళ్లు మండింది. వెనక సీటు మీద చెవి పెట్టమన్నప్పుడు ఇంకా మండింది. పదిహేనేళ్లుగా ఓమ్ నియమం చెబుతున్నదాన్ని, నాకు ఈయన పరీక్ష పెట్టడమేమిటి? సీటుకి మూడంగుళాల ఎత్తులో మొహం పెట్టి, గడియారం చూసుకుంటూ, "వస్తోంది, వస్తోంది, బాగానే ఉంది" అన్నాను.

"సన్నగనా, మొద్దుగనా?"

"మామూలుగా ఉందండీ. సన్నగా."

ఆయన వచ్చి అరచెయ్యి పెట్టాడు. తల ఊపాడు. "అయితె పంపు మంచిగనే ఉన్నది. మరి రిలే అప్పుడప్పుడు మొండికేస్తున్నదేమో," అని, పంపుకి కరెంటు వదిలే ఆ చిన్న డబ్బా మార్చాడు.

కారు మూడు రోజులు బుద్ధిగా నడిచింది. నాలుగో రోజు, శుక్రవారం, అల్వాల్ రైల్వే గేటు దగ్గర ఆగింది. పక్క సీట్లో అన్నయ్య ఉన్నాడు.

వాడు దిగి నెట్టాడు. సాయంత్రం ఫోన్ చేసి, "ఆదివారం నాలుగింటికి ఒకాయన కారు చూడ్డానికి వస్తాడు. మాటిచ్చావుగా," అన్నాడు. అమ్మ విని, "పోనీలేవే, రేడియోలో వాక్యం వింటాను," అని లోపలికెళ్లింది. ఆ మాటకి నాకు అన్నం సయించలేదు.

శనివారం ఒంటిపూట బడి. అవ్వగానే కారుతో తిన్నగా రాణిగంజ్ వెళ్లాను. చేతి సంచిలో స్కూలు ల్యాబ్ మల్టీమీటరు కూడా ఉంది. సంతకం పెట్టే తెచ్చాను. ఆయన తప్పుని వోల్టుల్లో కొలిచి మొహాన కొడదామని నా పథకం.

ఉస్తాద్ ఎవరిదో కారు బానెట్లో తల దూర్చి ఉన్నాడు. నేను వెనక నిలబడి మొదలుపెట్టాను. మనుషుల్ని ఏడిపించడానికి కూర్చున్నారా అన్నాను. చప్పుడు వినమని మమ్మల్ని వంగోబెట్టే బదులు మీరే వినొచ్చుగా అన్నాను. మీ రిలే వల్ల మా అమ్మ రేపటి నుంచి చర్చికి వెళ్లదు, తెలుసా అన్నాను. క్లాసులో వెనక బెంచీల్ని కడిగేసినట్టు ఐదు నిమిషాలు కడిగేశాను. ఆయన తిరగలేదు. పైగా కూనిరాగం తీస్తున్నాడు.

కుషన్ షాపాయన సూది పక్కన పెట్టి వచ్చాడు. "మేడమ్, ఎదురుంగ పోయి మాట్లాడున్రి. ఉస్తాద్‌కు ఇనరాదు. ఒక చెవి పూరా పోయింది, రెండోది గంత గంతనే. మొకం జూస్తె సమజ్ చేసుకుంటడు."

అంతలో ఉస్తాద్ స్క్రూడ్రైవరు కోసం తల పైకెత్తి, నన్ను చూసి, మొహమంతా నవ్వు చేసుకుని, "అరె టీచరమ్మా! ఎప్పుడొచ్చిన్రు? కూసోన్రి, కూసోన్రి," అన్నాడు.

కూర్చున్నాను. ఈసారి టీ తాగాను. ఆయనకి ఎదురుగా ఉండి, కారు మళ్లీ ఆగిందనీ, రేపు నాలుగింటికి అన్నయ్య కొనేవాణ్ని రమ్మన్నాడనీ, అమ్మ సంగతీ చెప్పాను. ఆయన సాసర్ కింద పెట్టాడు.

"మీరు మంచిగున్నది అన్నరు గద అమ్మా. నేను మీ మాట మీద పోయిన."

ఆయన నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. "నేను సరిగ్గా వినలేదు ఉస్తాద్. టైమైపోతోందని ఏదో చెప్పేశాను," అన్నాను. పిల్లలు హోమ్‌వర్కు గురించి నాకు చెప్పే మాట అది.

ఆయన పెద్దగా నవ్వాడు. పైన వేలాడే లారీ హారన్ చూపించాడు. "ఇరవై ఏండ్లు లారీల హారన్లు బిగించిన నేను. బిగించినంక మోగించి చూడాలె గద? రోజుకు యాభై. నా చెవులు గా హారన్ల పోయినయి. చెయ్యికి పంపు తిరుగుతున్నదా లేదా తెలుస్తది. ఎట్ల తిరుగుతున్నదో చెవికే తెలుస్తది. గందుకే అందర్ని అడుగుత. సగం మంది మీ లెక్కనే చెప్తరు తియ్యిన్రి, పరేషాన్ కాకున్రి."

అప్పుడు సందులో మా కారులాంటిదే ఇంకొకటి లైట్ల పనికి వచ్చి ఉంది. ముందు దాని వెనక సీటు మీద నా చెవి పెట్టించాడు, తర్వాత నా కారు మీద. ఒక్కోటి మూడుసార్లు. ఈసారి నిజంగా చెవి ఆనించాను. కళ్లు మూసుకున్నాను. నేను చర్చి కాయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది గొంతు, పాడతాను. ముప్పై ఏళ్లుగా పక్కవాళ్లు ఒక్క వెంట్రుకవాసి కిందికి జారినా నాకు పళ్లు జివ్వుమంటాయి.

"ఉస్తాద్! మాది కిందికి ఉంది. ఆ కారు 'ప' పాడితే మాది 'మ' పాడుతోంది. పైగా చివర్లో ఇంకాస్త జారుతోంది."

ఆయనకి సరిగమలు తెలియవు. చెయ్యి ఎత్తి పట్టుకుని, కొంచెం దించి చూపించాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"అగో! గీ చెవులు పెట్టుకోని మొన్న గట్ల చెప్పిన్రా?"

వెనక సీటు లేపాడు. పంపు మీది మూత విప్పి, ప్లగ్గు పీకాడు. చుట్టుపక్కల బీడీలన్నీ ఆర్పించాడు. నేను నా మల్టీమీటరు తీశాను, ఎందుకు తెచ్చానో చెప్పలేదు. తాళం తిప్పించి ప్లగ్గుకి ఆనిస్తే పన్నెండు వోల్టులు చూపించింది. "కరెంటు పూర్తిగా ఉందిగా మరి?" అన్నాను.

"మీటరు షావుకారు లెక్క అమ్మా, దూరంకెల్లి చూసి పోతది. బల్బు హమాలి లెక్క, మోసి చూపిస్తది." మెడలోంచి ఆ హెడ్‌లైట్ బల్బు తీసి అదే ప్లగ్గుకి తగిలించాడు. పన్నెండు వోల్టులున్న చోట బల్బు ఎండుమిరపకాయ రంగులో నీరసంగా మిణికింది. తర్వాత బల్బు ఒక తీగని ప్లగ్గులోంచి తీసి, పొడుగు వైరుతో నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కి కలిపాడు. కళ్లు జిగేలుమన్నాయి.

"చూసిన్రా? వచ్చే తోవ మంచిగనే ఉన్నది. పోయే తోవ బంద్ ఉన్నది."

కరెంటు ఒక వలయం, వెళ్లింది తిరిగి రావాలి అని ఏటా జూన్‌లో బోర్డు మీద గుండ్రంగా బొమ్మ గీసి చెప్పేదాన్ని నేను. నా కారులో తిరుగు దారి మూసుకుపోయిందని నాకు తోచనేలేదు. చాక్‌పీసు కింద పెట్టేసి ఆయన కాళ్ల దగ్గర కూర్చోవాలనిపించింది.

ఉస్తాద్ కారు కిందికి దూరాడు. కాసేపటికి ఒక బోల్టు పట్టుకుని బయటికొచ్చాడు. పంపు నుంచి కరెంటు తిరిగి వెళ్లే తీగని కారు బాడీకి బిగించే బోల్టు అది. తారులాంటి నల్లటి పూత దట్టంగా పట్టి ఉంది. ఎవరో దాన్ని విప్పి, పూత కొట్టి, ఆ పచ్చి పూత మీదే మళ్లీ బిగించారు. చల్లగా ఉన్నంతసేపు ఏదో కాస్త కరెంటు పాకుతుంది, వేడెక్కితే అదీ పోతుంది.

"ఇప్పుడు చెప్పున్రి," అన్నాడు ఉస్తాద్. "ఎవరు ముట్టుకున్నరు?"

గుర్తొచ్చింది. "మా అన్నయ్య," అన్నాను. "ప్రేమగా కోటింగ్ కొట్టించాడు."

అంటూ ఉండగానే సందు మొదట్లో స్కూటరు ఆగింది. అన్నయ్యే. "అదుగో, వాడే," అన్నాను ఉస్తాద్‌తో. అమ్మ చెప్పిందట, నేనిక్కడ ఉన్నానని. ఆ నల్ల బోల్టు వాడి అరచేతిలో పెట్టి, ఆడవాళ్లు చూసుకోలేరన్నావే, ఇదెవరి చూసుకోవడం అని అడగబోతున్నాను. మాటలు కూడా కూర్చుకున్నాను.

"ఏమైంది? దొరికిందా?" అన్నాడు అన్నయ్య వస్తూనే.

ఉస్తాద్ బోల్టు జేబులో వేసుకున్నాడు. "దొరికింది సార్. ఎలుక."

"ఎలుకా?"

"వైరు కొరికింది. పద్మారావు నగర్‌ల ఎలుకలు జాస్తి సార్."

అన్నయ్య నావైపు తిరిగి, "నేను చెప్తూనే ఉన్నాను, ఆ పాత పేపర్లు వరండాలో పెట్టద్దని!" అన్నాడు. వాడి మొహంలో కోపం లేదు, ఎంత తృప్తో! ఉస్తాద్ కొత్త బోల్టు తెచ్చి, కింద ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకి బిగించాడు. మొన్న పెట్టిన కొత్త రిలే పీకి, నా పాతదే మళ్లీ పెట్టాడు. "దీని తప్పేం లేకుండె పాపం," అన్నాడు.

అన్నయ్య అంత తేలిగ్గా వదలడు. "యాప్రాల్ దాకా పోయి రావాలి. లైట్లు, ఏసీ, ఫ్యాను, అన్నీ వేసి. ఆగకపోతే రేపు ఆయన్ని రావద్దని చెప్తాను. ఆగితే ఇంక మాట్లాడకు." ఉస్తాద్ తనూ వస్తానని వెనక ఎక్కాడు.

ఎర్రటి ఎండలో హెడ్‌లైట్లు వేసుకుని వెళ్తుంటే ఎదురొచ్చే ప్రతివాడూ చేత్తో సైగ చేస్తున్నాడు, లైట్లు ఆర్పమని. ఇరవై నిమిషాలు గడిచాయి. అరగంట. ఎప్పుడూ దగ్గే సమయం వచ్చింది. నేను ప్రార్థన మొదలుపెట్టాను, అది కూడా కళ్లు తెరుచుకునే. అద్దంలో చూస్తే ఉస్తాద్ సీటు మీద అరచెయ్యి పరిచి, కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఎందుకయ్యా అలా పట్టుకున్నావు?" అన్నాడు అన్నయ్య వెనక్కి తిరిగి, మోకాలు తట్టి కళ్లు తెరిపించి.

"ఏం లేదు సార్. అలవాటు."

యాప్రాల్ వచ్చింది. అన్నయ్య ఇంటి ముందు తిప్పుకుని వెనక్కొచ్చాం. గంట పైన పట్టింది. కారు దగ్గలేదు. రాణిగంజ్‌లో దిగి, అన్నయ్య ఫోన్ తీసి, "రేపు రావక్కర్లేదండీ, మా చెల్లెలు అమ్మట్లేదు," అని చెప్పాడు. ఆ తర్వాత నాతో అన్నాడు, "ఒక బోను తెచ్చి ఇస్తాను, కారు కింద పెట్టుకో." తెచ్చాడు కూడా. ఇప్పటికీ వచ్చినప్పుడల్లా దాన్ని వంగి చూస్తాడు. ఇన్నేళ్లలో దాంట్లో ఒక తొండ మాత్రం పడింది.

వాడు వెళ్లాక ఉస్తాద్‌ని అడిగాను, ఎలుక అని ఎందుకు చెప్పారని. నాకు ఇంకా కోపం పోలేదు. గెలవాల్సిన చోట గెలవనివ్వలేదని.

"అమ్మ రేపు చర్చికి పోవాలె. గంతేనా కాదా?" అన్నాడు. "తప్పు ఆయన మీదికి పోతె, ఆయన కార్ల ఇంకో తప్పు దేవులాడుతడు. దొరికేదాంక ఊకుండడు. ఎలుక మీదికి పోతె ఎవలకు తక్లీఫ్ లేదు." జేబులోంచి ఆ నల్ల బోల్టు తీసి నా చేతిలో పెట్టాడు. "ఉంచుకోన్రి. కోపమొస్తె చూసుకోన్రి."

మర్నాడు అమ్మ నీలం చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఎలుకల మందు కొనమని దారంతా చెప్పింది. నేను ఊఁ కొట్టాను. ఆ ఆదివారం కాయర్‌లో నేను పాడినంత గట్టిగా ఎప్పుడూ పాడలేదు.

అలా నేను ఉస్తాద్‌కి చెవినయ్యాను. అప్పుడప్పుడు శనివారం బడి అవ్వగానే పనున్నా లేకపోయినా అటు వెళ్లేదాన్ని. వెనక సందు నుంచే కేక వినపడేది, "ఆగున్రి, టీచరమ్మ వచ్చింది!" నాలుగు కార్లు నాకోసం కాచుకుని ఉండేవి. సంచి కుషన్ షాపులో పెట్టి, ఒక్కో కారు వెనక సీటు మీద వంగి, విన్నది చేతులెత్తి దించి చెప్పేదాన్ని. ఈ కారుది వణుకుతోంది. ఈ కారుది మొదట ఎత్తుగా లేచి పడిపోతోంది. ఇదసలు పలకట్లేదు. ఎవరో పెద్దాయన నన్ను చూసి, "ఈవిడెవరు?" అంటే, "మా ఇంజనీర్," అన్నాడు. స్కూల్లో వచ్చిన ఏ మెప్పూ నాకు అంత కిక్కు ఇవ్వలేదు. నా కారు వంతు చివర్లో వచ్చేది. ప్రతిసారీ ఆయన అడిగేవాడు, ఎట్లున్నదని. ప్రతిసారీ నేను ఒకటే చెప్పేదాన్ని: "సన్నగా, సాఫ్‌గా, కిందికి జారకుండా."

కొన్నేళ్లకి ఆయన కూతురు పట్టుబట్టి చెవి మిషన్ కొనిపెట్టింది. ఆయనకి అది సుతరామూ నచ్చలేదు. ఒకరోజు పెట్టుకుని సందులోకి వచ్చాడట. రేడియేటరు కొట్టు సుత్తి, ఆటోల మోతా, కుషన్ షాపాయన పాటా అన్నీ ఒక్కసారి లోపలికి వచ్చేసరికి, "గింత లొల్లిల ఎట్ల బతుకుతున్నరయ్యా మీరు!" అని తీసి జేబులో వేసుకున్నాడట. కుషన్ షాపాయన నాకిది చెప్పి చెప్పి నవ్వాడు.

ఆ తర్వాత శనివారం నేను వెళ్లేసరికి ఉస్తాద్ నా సంచి తనే అందుకున్నాడు. నా కారు దగ్గరికి నడిపించి, ముందు సీటు తలుపు తీశాడు. "ఇయ్యాల మీరు తాళం తిప్పున్రి," అన్నాడు. తను వెనక ఎక్కాడు. జేబులోంచి మిషన్ తీసి, తుడిచి, చెవిలో పెట్టుకున్నాడు. సీటు మీద తల వాల్చాడు. ఇన్నేళ్లలో ఆయన చెవి ఆనించడం నేనెప్పుడూ చూడలేదు, అరచెయ్యే చూశాను.

తాళం ఒక మెట్టు తిప్పాను. రెండు సెకన్లు. ఆయన తల ఎత్తలేదు.

"ఇంకోసారి."

తిప్పాను.

"ఇంకొక్కసారి అమ్మా."

మూడోసారి అయ్యాక నెమ్మదిగా లేచి కూర్చున్నాడు. మీసాలు సీటు మీది దుమ్ముతో తెల్లబడ్డాయి. కళ్లలో నీళ్లున్నాయి. దుమ్ము వల్లేనని అంటాడని నేను చూడనట్టు ఊరుకున్నాను.

"సన్నగ, సాఫ్‌గ, కిందికి జారకుంట," అన్నాడు. "మీరు చెప్పినట్టె ఉన్నది టీచరమ్మా."

ఆ తర్వాత మిషన్ తీసి జేబులో వేసుకుని, అవతల ఆగి ఉన్న తెల్ల కారు చూపించి, "జెర గది సుత ఇని చెప్పున్రి," అన్నాడు.